పాత బజారు, రెండు ఒప్పందాలు: ఒక పీపీపీ కేస్ స్టడీ

మున్సిపాలిటీలకూ ప్రైవేటు సంస్థలకూ మధ్య ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) ఒప్పందాలు తయారుచెయ్యడం నా పని. బస్టాండు, చెత్త ప్లాంటు, వీధి దీపాలు, పార్కింగు, ఇలా చాలానే చూశాను. ఇక్కడ రాస్తున్నది వాటిలో ఒక్క ఊరి సంగతి. ఆ ఊరి బజారు కోసం మొదట నేను రాసిన ఒప్పందం పూర్తిగా చెడింది. తర్వాత అదే బజారులో, దాదాపు అదే మనుషులతో, వేరే ఒప్పందం నిలబడింది. ఊరిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలు ఉజ్జాయింపుగా ఇచ్చాను. నిర్ణయాల వెనక కారణాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెబుతున్నాను.

బజారు

కోస్తా డెల్టాలో ఒక మధ్యస్థాయి నగరం. గడియార స్తంభం దగ్గర మొదలై గుడి వీధి దాకా ఆరేడు వందల మీటర్ల మెయిన్ రోడ్డు. దానికి రెండు వైపులా బట్టల కొట్లు, ఒక సందు నిండా బంగారం కొట్లు, ఇంకో సందులో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్లు. గడియార స్తంభం వెనకాల బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి మున్సిపల్ మార్కెట్. పెంకుల కప్పు, మధ్యలో కూరగాయల అరుగులు, చుట్టూ వందకు పైగా మడిగలు.

చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పెళ్ళి బట్టలకు, మంగళసూత్రాలకు ఇక్కడికే వచ్చేవాళ్ళు. బైపాస్ పడ్డాక దాని పక్కన ఏసీ షోరూములు లేచాయి. ఎదురుగా విశాలమైన పార్కింగు. "పాత బజారుకెళ్తే కారు ఎక్కడ పెడతాం?" అన్నది ఇంటింటి మాట అయిపోయింది. నేను గమనించిందేమిటంటే, ముందుగా బజారు వదిలింది కొనేవాళ్ళు కారు. షావుకార్ల కొడుకులు. కొత్త బ్రాంచి బైపాస్‌లో తెరిచి, పాత కొట్టును తండ్రికి వదిలేశారు. మేడ మీద గదులు గోడౌన్లయ్యాయి. వానాకాలంలో మురుగు నీళ్ళు కొట్టు గడప దాకా వచ్చేవి.

మార్కెట్ మడిగల అద్దెల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే తిరుగుతుంది. మున్సిపల్ షాపుల లీజును మూడేళ్ళకోసారి అద్దె 33 శాతం పైచిలుకు పెంచి కొనసాగిస్తారు. 25 ఏళ్ళు నిండితే మళ్ళీ వేలం వెయ్యాలి. కాగితం మీద చూస్తే పద్ధతి బాగానే ఉంది. వాస్తవంలో లీజు ఒకరి పేరున ఉంటుంది, కొట్టు ఇంకొకరు నడుపుతారు. రికార్డులో నెలకు 1,500 అద్దె ఉన్న మడిగకు నడిపేవాడు లీజుదారుకు 15,000 కడుతుంటాడు. అంతకుముందే గుడ్‌విల్ కింద లక్షలు ఇచ్చి ఉంటాడు. దానికి రసీదు ఉండదు. లీజుదారుల్లో కొందరు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు, కొందరు చనిపోయారు, వారసుల మధ్య తగాదాలు. 25 ఏళ్ళు నిండిన మడిగలు చాలానే ఉన్నాయి. వేలం అనగానే కోర్టు కాగితం వస్తుంది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఒక వానాకాలం రాత్రి మార్కెట్ కప్పులో కొంత భాగం కూలింది. అర్ధరాత్రి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి కమిషనర్ గారు నన్ను పిలిపించి చెప్పిన మాటల సారాంశం ఇది: పగలు కూలితే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది, కొత్తది కట్టే డబ్బు లేదు, స్థలం విలువ చూస్తే కోట్లలో ఉంది, ప్రైవేటు వాళ్ళకిస్తే వాళ్ళే కట్టిస్తారు కదా.

సమస్యను ఇలా చెప్పడంలోనే పరిష్కారం కూడా కలిసిపోయి ఉంది. చెడిపోతున్నది బజారు. మా చేతికి వచ్చింది మాత్రం ఒక కూలే భవనం, ఒక ఖరీదైన స్థలం. అప్పుడే ఆగి అడగాల్సింది. ఫీజు వచ్చే పని, పైగా నాకు బాగా తెలిసిన పని. అడగలేదు.

మొదటి ఒప్పందం, అది ఎలా చెడింది

మా లెక్క ఇలా సాగింది. స్థలం రెండెకరాలకు కొంచెం తక్కువ. పాతది తీసేసి సెల్లార్‌లో పార్కింగు, కింది అంతస్తులో పాత లీజుదారులకు షాపులు, పై మూడంతస్తులు డెవలపర్‌కు. 33 ఏళ్ళు అతను నడుపుకుని, ఏటా మున్సిపాలిటీకి కొంత కట్టి, చివర్లో భవనం అప్పజెప్పాలి. రాష్ట్రంలో 2001 నాటి మౌలిక సదుపాయాల అభివృద్ధి చట్టం ఇలాంటి వాటికి దారి చూపిస్తుంది. రాబడి చాలని ప్రాజెక్టులకు ఆ లోటు పూడ్చడానికి కేంద్రం ఇచ్చే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ రోడ్లు, నీటి సరఫరా వంటి పనులకే గానీ షాపింగ్ కాంప్లెక్సుకు వర్తించదు. అంటే మొత్తం బరువు పై అంతస్తుల అద్దెల మీదే పడుతుంది.

మేడ మీది గదులు ఇప్పటికే గోడౌన్లయిపోయిన బజారులో, కొత్తగా మూడంతస్తులు ఎవరు అద్దెకు తీసుకుంటారు? ఈ ప్రశ్న నాకు రాలేదని కాదు. బైపాస్ అద్దెల్లో నాలుగో వంతు తగ్గించి రిపోర్టులో వేశాను, జాగ్రత్తగా లెక్క వేసినట్టే అనిపించింది. పడిపోతున్న బజారుకు, పెరుగుతున్న రోడ్డు అద్దెలు ఆధారం కాకూడదు. ఎంత తగ్గించి వేసినా తప్పు తప్పే.

టెండరు వెయ్యడానికి ముందు డెవలపర్ల సందేహాలు తీర్చే ప్రీబిడ్ మీటింగుకు నలుగురు వచ్చారు. అడిగినవి మూడే. ఖాళీ స్థలం ఎప్పుడిస్తారు, భూమిలో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి, పాతవాళ్ళకు ఎన్ని షాపులివ్వాలి. డెల్టా నేలలో సెల్లార్ తవ్వడమంటే ఏడాది పొడవునా నీళ్ళు తోడుకోవడమే, అది వాళ్ళకు తెలుసు. మొదటి టెండరుకు ఒక్కరూ రాలేదు. షరతులు సడలించి రెండోసారి పిలిస్తే ఒక్క బిడ్ వచ్చింది. పై నుంచి అనుమతి తెచ్చుకుని అతనికే ఇచ్చారు.

ఒప్పందంలో ఒక ముందస్తు షరతు ఉంది: సంతకమైన 180 రోజుల్లో మున్సిపాలిటీ మార్కెట్‌ను ఖాళీ చేయించి అప్పగించాలి. అది రాసింది నేనే. లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. ఈ వృత్తిలో మొదట నేర్పే పాఠం, ఏ రిస్కును ఎవరు బాగా మోయగలరో వాళ్ళకే అప్పగించమని. యజమాని మున్సిపాలిటీ కాబట్టి ఖాళీ చేయించడం దాని పనే అనుకున్నాను. కానీ ఆ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళలో ఆ పని చెయ్యగలిగినవాడు ఒక్కడూ లేడు. చెయ్యగలిగినవాళ్ళు, అంటే కొట్లు నడిపేవాళ్ళు, బయట బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు.

మా సర్వే రిజిస్టర్లో పేర్లనే లెక్కపెట్టింది. కొత్త షాపు ఇస్తామన్నది లీజుదారుకు. గుడ్‌విల్ కట్టి, నెలనెలా పదింతలు అద్దె కడుతూ, పొద్దున్నే షట్టర్ తీసే మనిషికి మేము ఇవ్వజూపింది ఏమీ లేదు. వాళ్ళలో ఇత్తడి సామాన్ల వ్యాపారి ఒకాయన మిగతావాళ్ళను కూడగట్టి హైకోర్టులో పిటిషన్ వేశారు. స్టే వచ్చింది. ఆయన గురించి మళ్ళీ చెప్తాను.

అంతలో కూరగాయల వాళ్ళను, పూల వాళ్ళను కిలోమీటరు దూరంలో ఉన్న గ్రౌండుకు తాత్కాలికంగా మార్చారు. రేకుల షెడ్లు, కరెంటు, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్నాయి. సోమవారం వెళ్ళారు. గురువారానికి అందరూ తిరిగి గడియార స్తంభం దగ్గరే ఉన్నారు. ఒక పూలమ్మే ఆవిడను ఎందుకొచ్చేశావమ్మా అని అడిగాను. "గుడికి పోయేవాళ్ళకి పూలమ్ముకుంటానండీ నేను. ఆ గ్రౌండులో ఎవరికమ్మను, క్రికెట్టాడే పిల్లలకా?" అంది. మా రిపోర్టులో తాత్కాలిక మార్కెట్ గురించి పదకొండు పేజీలున్నాయి. ఆ ఒక్క ప్రశ్న లేదు.

రెండేళ్ళు గడిచాయి. ఇనుము, సిమెంటు ధరలు పెరిగాయని డెవలపర్ ఒక అంతస్తు అదనంగా అడిగారు. కౌన్సిల్ ఒప్పుకోలేదు. చివరికి ఇరుపక్షాలూ రాజీగా ఒప్పందం రద్దు చేసుకున్నాయి. ఎవరి ఖర్చు వాళ్ళు భరించారు. ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) దాకా పోకపోవడం మా అదృష్టం.

ఆ రోజుల్లో మీటింగుల్లో అందరూ ముంబయిలోని భేండీ బజార్‌ను ఉదాహరణగా చెప్పేవాళ్ళు. 16.5 ఎకరాల పాత బస్తీని మొత్తంగా మార్చే పని అది. నిజమే, కానీ అక్కడ ముందుకొచ్చింది ఆ బస్తీలో ఎక్కువమంది నమ్మే ఒక సమాజపు ట్రస్టు. తాత్కాలికంగా ఎక్కడికి వెళ్ళాలన్నా, తిరిగొస్తామన్న నమ్మకం ముందుండాలి. మా డెవలపర్‌ను ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు, మున్సిపాలిటీని మాత్రం అందరూ ఎరుగుదురు. రెండూ ఇబ్బందే. నన్నడిగితే మాకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని కూల్చకుండా ప్రభుత్వ ఖర్చుతోనే బాగుచేసి 2020లో మళ్ళీ ప్రారంభించారు. భవనం బాగుకు భవనాన్నే అమ్ముకోనక్కర్లేదని అక్కడ కనబడుతుంది. మేము మొదలుపెట్టేనాటికి ఆ ఉదాహరణ మా ముందు లేదు, ఉన్నా ఒప్పుకునేవాణ్ణో కాదో.

కాగితం పక్కన పెట్టి లెక్కపెట్టడం

ఏడాది తర్వాత కొత్త కమిషనర్ గారు వచ్చారు. మార్కెట్ ఫైలు ముట్టుకోనన్నారు. మెయిన్ రోడ్డు మీద పార్కింగు సంగతి మాత్రం చూడమన్నారు. ఈసారి కాగితం రాసే ముందు రెండు నెలలు టైమ్ అడిగాను, ఫీజు లేకుండా. మొదటి తప్పుకు అది నా వంతు జరిమానా అనుకోండి.

మొదట చేసిన పని బళ్ళు లెక్కపెట్టడం. మామూలుగా సాయంత్రం రద్దీలో లెక్కిస్తారు. మేము పొద్దున తొమ్మిదిన్నరకు లెక్కించాం. ఆ టైముకు బజారులో కొనేవాళ్ళు ఉండరు, బోణీ కూడా అయ్యుండదు. అయినా కొట్ల ముందున్న జాగాలో సగానికి పైగా అప్పటికే నిండిపోయింది. ఆ బళ్ళన్నీ కొట్ల యజమానులవి, గుమస్తాలవి, సేల్స్‌మన్లవి. రాత్రి తొమ్మిది దాకా అవి కదలవు. కస్టమర్‌కు చోటు లేకుండా చేస్తున్నది కొట్టువాళ్ళే. వర్తక సంఘం మీటింగులో ఈ లెక్క చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత వెనక నుంచి ఎవరో నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు వల్లే మిగతా పని జరిగిందని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు అధికారులదనో, ఆటోవాళ్ళదనో మొదలయ్యే మీటింగుల్లో ఏదీ తేలదు.

రెండో లెక్క తోపుడు బళ్ళది. సంఘం పెద్దలు పదేపదే అడిగేది ఒకటే: ముందు ఈ బళ్ళవాళ్ళను తీయించండి. వాళ్ళను విడివిడిగా అడిగితే తెలిసిందేమిటంటే, చాలామంది తాము నిలబడిన చోటికి వెనకున్న కొట్టువాడికే రోజుకు యాభయ్యో వందో ఇస్తున్నారు. పైగా మున్సిపల్ ఆశీలు వేరు. అంటే ఫుట్‌పాత్ మీద ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం మేము రాకముందే నడుస్తోంది! దానికి ఒప్పందమూ లేదు, ఆడిటూ లేదు.

భాగస్వామి ఎవరన్న ప్రశ్న

ఇక్కడ నిర్ణయం మారింది. బయటి పెట్టుబడిదారును తీసుకురావడం మానేసి, ఆ వీధిలో ఇప్పటికే పెట్టుబడి పెట్టి కూర్చున్నవాళ్ళనే రెండో పక్షంగా చెయ్యాలనుకున్నాం. ఇది నేను కనిపెట్టింది కాదు. 1970లో టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే చోట వ్యాపారులే తమ వీధి బాగుకు పన్ను వేసుకున్నారు. అక్కడా సమస్య ఇదే, కొత్త మెట్రో రైలు, మాల్స్ కొనేవాళ్ళను లాక్కుపోయాయి. అక్కడ కిటుకు చట్టంలో ఉంది. ఆ హద్దులో ఉన్న ప్రతి వ్యాపారీ కట్టి తీరాలి. మనకు అలాంటి చట్టం లేదు. స్వచ్ఛందంగా వసూలు చేస్తే మొదటి నెల అందరూ ఇస్తారు, రెండో నెల సగం మంది ఇస్తారు, మూడో నెలకు ఇచ్చినవాడు "వాడు కట్టలేదు, నేనెందుకు కట్టాలి?" అంటాడు. వినాయక చవితి చందాలే సరిగ్గా రావు.

కాబట్టి డబ్బు వ్యాపారుల జేబులో నుంచి రాకూడదు. వీధిలోనే పుట్టాలి. పార్కింగు ఫీజు అందుకు పనికొస్తుందనుకున్నాం. బజారుకు రెండు వందల మీటర్ల దూరంలో, కాలువ గట్టున మున్సిపాలిటీ పాత గోడౌన్ స్థలం ఖాళీగా ఉంది. అక్కడ యజమానుల, సిబ్బంది బళ్ళు నెలసరి పాసు మీద పెట్టుకుంటారు. మెయిన్ రోడ్డు మీద కస్టమర్లకు గంటల లెక్కన ఫీజు. వచ్చిన డబ్బు ఆ వీధి శుభ్రత, దీపాలు, టాయిలెట్లకే మొదట ఖర్చవ్వాలి. మిగిలితేనే మున్సిపాలిటీ వాటా.

వ్యాపారుల తరఫున సంతకం ఎవరు పెట్టాలి? ఉన్న వర్తక సంఘం సొసైటీ. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పార్టీల వారీగా చీలుతుంది. అందుకే కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టించాం. ఏటా ఆడిట్ తప్పనిసరి, బోర్డులో మున్సిపాలిటీ మనిషి ఒకరు ఉండొచ్చు. ఖర్చు ఎక్కువని గొణిగారు, చివరికి ఒప్పుకున్నారు. ఓటు ఎవరిదన్నది అంతకన్నా కష్టమైంది. యజమానిదా, లీజుదారుదా, నడిపేవాడిదా? మొదటి దెబ్బ గుర్తుంది కాబట్టి నేను నడిపేవాడిదే అన్నాను. మున్సిపాలిటీ లాయరు గారు ససేమిరా అన్నారు. సబ్‌లీజుదారుకు ఓటిస్తే రేపు కోర్టులో అతన్ని గుర్తించినట్టవుతుందని ఆయన భయం, సరైన భయమే. చివరికి ఒప్పందంలో "దుకాణం నడుపుతున్న వ్యక్తి" అన్న మాట వాడి, ఈ ఒప్పందం వల్ల ఎవరి అద్దె హక్కులూ కొత్తగా పుట్టవు, ఉన్నవీ పోవు అని ఒక క్లాజు పెట్టాం. ఆ క్లాజు నాలుగు లైన్లు. దానికి నాలుగు నెలలు పట్టింది.

ముందు డ్రైనేజీ

వ్యాపారులు సంతకం పెట్టాకే మున్సిపాలిటీ డబ్బు ఖర్చు పెట్టాలని కమిషనర్ గారు అన్నారు. మామూలుగా నేనూ అదే సలహా ఇస్తాను. ఇక్కడ తిరగేసి చెప్పాను. ముందు మురుగు కాలువ కొత్తగా కట్టండి, సంతకాల సంగతి తర్వాత. ఆ బజారులో పోయినసారి మాట తప్పిన పేరు మున్సిపాలిటీదే. పేరు పోయినవాడే ముందు చెయ్యి చాపాలి. పైగా డ్రైనేజీ ఎలాగూ మున్సిపాలిటీ చెయ్యాల్సిన పనే, ఒప్పందం కుదరకపోయినా డబ్బు వృథా కాదు. ఈ రెండో మాట ఆయనకు నచ్చింది.

రోడ్డు తవ్వడం ఎప్పుడన్నది పెద్ద గొడవ. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, అప్పుడు తవ్వుకోండి అన్నారు బంగారం కొట్లవాళ్ళు. బట్టల కొట్లవాళ్ళు ఒంటికాలి మీద లేచారు, వాళ్ళకు ఆషాఢం సేల్ అంటేనే సీజను. శ్రావణం ఎవరికీ కుదరదు. దసరా, దీపావళి మాటే ఎత్తకూడదు. ఇంజనీరు గారు తెచ్చిన బార్ చార్టు పక్కన పెట్టి, ఒక షావుకారు గారు గల్లాపెట్టె మీది పంచాంగం తెప్పించారు. దాని ప్రకారం బంగారం సందు ఆషాఢంలో, మెయిన్ రోడ్డు సంక్రాంతి వెళ్ళాక పుష్యం చివరి రోజుల్లో. ఇత్తడి సందు భాద్రపదంలో చవితి అయిన తర్వాత పితృపక్షంలో. ప్రతి కొట్టు ముందూ తవ్వింది మూడు రాత్రుల్లో మూసెయ్యాలని కాంట్రాక్టులో రాశాం. మూడు ముక్కలుగా చెయ్యడం వల్ల కాంట్రాక్టరు రేటు కొంచెం పెరిగింది. ఆ పెరిగిన డబ్బు ఈ కేసు మొత్తంలో మేము పెట్టిన మంచి ఖర్చు అని నా అభిప్రాయం.

మెయిన్ రోడ్డు పని అయ్యాక వచ్చిన మొదటి పెద్ద వానకు నీళ్ళు గడప దాకా రాలేదు. ఆ వారమే కంపెనీ షేర్ల దరఖాస్తుల కోసం జనం వచ్చారు.

మళ్ళీ కొన్ని తప్పులు

పార్కింగు నడిపేవాణ్ణి ఆశీలు వేలం పద్ధతిలోనే ఎంపిక చేశాం. ఎక్కువ పాడినవాడికి ఇచ్చాం. నాలుగు నెలల్లో గొడవ మొదలైంది. పాట ఎక్కువ పాడాడు కాబట్టి రాబట్టుకోవాలి, టికెట్ లేకుండా వసూళ్ళు, రోడ్డు మీద రెండో వరసలో కూడా బళ్ళు. నియమం ఉల్లంఘిస్తే అతనికి లాభం వచ్చేలా మేమే ఒప్పందం రాశాం. దాన్ని రద్దు చేసి, నడిపినందుకు నెలకు ఇంత అని ఫీజు ఇచ్చే పద్ధతికి మారాం. వసూలైన ప్రతి రూపాయీ చేతి మెషీను ద్వారా నేరుగా ఎస్క్రో ఖాతాకు, అంటే ఒప్పందంలో రాసిన పనులకే డబ్బు తియ్యగలిగే బ్యాంకు ఖాతాకు పోతుంది. రెండో వరస కనబడితే అతని ఫీజులో కోత. రాబడి వేలం పాట కన్నా కొంచెం తక్కువే వచ్చింది. అయినా ఫిర్యాదులు తగ్గాయి. ఈ ఒప్పందంలో మాకు కావలసింది అదే.

అన్ని కొట్లకూ ఒకే రంగు, ఒకే సైజు బోర్డులన్న ఆలోచన మూడు నెలలు కూడా నిలవలేదు. దాని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. బోర్డు చూసి కొట్టును గుర్తుపట్టే ఊళ్ళో బోర్డులన్నీ ఒకేలా ఉండకూడదు.

సాయంత్రాలు వాహనాలు ఆపేసి నడక దారిగా చెయ్యాలన్నది నా సరదా. 2019 నవంబరులో చెన్నై పాండీ బజార్‌ను పాదచారుల ప్లాజాగా తెరిచినప్పటి నుంచి ఉన్న సరదా. పండగ సీజన్లో బంగారం సందు వాళ్ళు అడ్డు చెప్పారు. మంగళసూత్రాలు కొనడానికి వచ్చే కుటుంబాల్లో పెద్దవాళ్ళుంటారు, కొని నగలు పట్టుకుని రెండు వందల మీటర్లు నడవాలంటే భయం కూడా. ఆ మాట నిజమే కాబట్టి నడక దారి ఇప్పుడు ఆదివారం సాయంత్రాలకు, గుడి వైపు సగం రోడ్డుకు పరిమితమైంది.

తోపుడు బళ్ళ విషయంలో 2014 వీధి వ్యాపారుల చట్టం దారి చూపింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చే దాకా ఎవరినీ తీసెయ్యకూడదు, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీ చేతే చోట్లు గీయించాం. పూలవాళ్ళు గుడి మలుపులోనే ఉన్నారు. కొట్టువాళ్ళకు ముట్టే రోజువారీ డబ్బు ఆగిపోయింది కాబట్టి కొందరికి ఇప్పటికీ నా మీద కోపం.

టాయిలెట్ల సంగతి చెప్పాలి. చీరలు ఎంచుకోవడానికి ఆడవాళ్ళకు రెండు మూడు గంటలు పడుతుంది, బజారు మొత్తంలో వాళ్ళు వెళ్ళడానికి చోటు లేదు. బైపాస్ షోరూముకు వెళ్ళడానికి అది పార్కింగుతో సమానమైన కారణమని మాతో మాట్లాడిన ఆడవాళ్ళే చెప్పారు. మా మొదటి రిపోర్టులో ఆ మాట లేదు, ఆ సర్వే టీములో ఆడవాళ్ళు లేరు. కొత్తగా రెండు చోట్ల కట్టించాం. ఏజెన్సీ మనిషి సాయంత్రం ఆరుకే తాళం వేసుకుని వెళ్ళిపోయేవాడు. అప్పుడు తాళం చెవి పక్క కొట్టువాడికిచ్చి, శుభ్రత లాగ్‌బుక్ మీద అతను సంతకం చేస్తేనే ఏజెన్సీకి బిల్లు అని మార్చాం. గడియార స్తంభం దగ్గరి తాళం ఎవరు తీసుకున్నారంటే, హైకోర్టులో పిటిషన్ వేసిన ఇత్తడి సామాన్ల వ్యాపారి గారు. ఎందుకని అడిగితే, "బయటి నుంచి ఎవరో వచ్చి నా కొట్టు తీసేస్తారని కోర్టుకెళ్ళాను. ఇది నా కొట్టు ముందుదే కదండీ" అన్నారు.

ఏం మారింది, ఏం మారలేదు

అమ్మకాలు పెరిగాయా అంటే ఏ వ్యాపారీ పెరిగాయని చెప్పడు. నేను చూసేది మేడ మీది గదులను. వాటిలో కొన్ని ఇప్పుడు మగ్గం వర్క్ వాళ్ళకు, జాకెట్లు కుట్టేవాళ్ళకు అద్దెకు వెళ్ళాయి. కింద చీర కొని, పైన జాకెట్ కొలతలిచ్చి వెళ్తున్నారు. ఇది మేము అనుకున్నదీ కాదు, ఏ కాగితంలోనూ లేదు. మూడంతస్తుల కాంప్లెక్సులో ఆ గదుల అద్దె వాళ్ళకు అందేది కాదు.

మార్కెట్ కప్పును మున్సిపాలిటీ సొంత డబ్బుతోనే బాగుచేసింది, అందులో భాగస్వామ్యం ఏమీ లేదు. గుడ్‌విల్ చిక్కు అలాగే ఉంది. 25 ఏళ్ళ నిబంధన మీద కేసులు నడుస్తున్నాయి. బైపాస్‌కు వెళ్ళిన కొడుకులు తిరిగి రాలేదు.

ఇదే పని మళ్ళీ మొదలుపెడితే కొన్ని వేరుగా చేస్తాను. రిజిస్టర్లో పేర్ల కన్నా ముందు షట్టర్ తీసేవాళ్ళ జాబితా రాసుకుంటాను. తాత్కాలికంగా ఎవరినైనా మార్చాల్సి వస్తే, వాళ్ళ దగ్గర కొనేవాళ్ళు ఎటు నుంచి ఎటు నడుస్తారో ముందు చూస్తాను. ఎస్క్రో క్లాజును కౌన్సిల్ తీర్మానంలో కూడా చేర్పిస్తాను, ఒప్పందంలో మాత్రమే వదలను. ఈ చివరిది ఎందుకంటే, అయిదేళ్ళ ఒప్పందం ఇప్పుడు ముగిసింది. పార్కింగు డబ్బు సాధారణ నిధికి ఎందుకు రావడం లేదని ఆడిట్ అభ్యంతరం వచ్చింది. కొత్తగా వచ్చిన అధికారులకు పాత చరిత్ర తెలియదు, ఆ ప్రశ్న అడగడం వాళ్ళ బాధ్యత కూడా. రెన్యువల్ అంశం కౌన్సిల్ అజెండాలో రెండుసార్లు వాయిదా పడింది. ఎస్క్రో ఖాతాలో డబ్బుంది, తియ్యడానికి అధికారం ఎవరికీ లేదు. ఊడ్చే ఏజెన్సీకి గత నెల బిల్లు అందలేదు.

పోయిన వారం ఇత్తడి కొట్టాయన ఫోన్ చేశారు. ఊడ్చేవాళ్ళకు ఈ నెల తానూ, పక్క బట్టల కొట్టాయనా కలిసి చేతి డబ్బు ఇచ్చామని చెప్పి, "సార్, ఆ నాలుగు లైన్ల క్లాజు, ఎస్క్రో క్లాజు రెండూ వాట్సాప్‌లో పెట్టండి. మంగళవారం కౌన్సిల్ మీటింగుకు వెళ్తున్నాం" అన్నారు. పంపాను.